వైద్య, దంతవైద్య పదాల నిర్వచనం: అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవ దోషాల పరిశీలన

వ్యాససంగ్రహం

వైద్యపదానికి తెలుగు పేరు పెట్టడం ఒక పని. ఆ పేరు దేనికి వర్తిస్తుంది, దేనికి వర్తించదు అని తేల్చి చెప్పడం మరొక పని. ఈ రెండో పనినే నిర్వచనం అంటారు. వ్యవహారంలోను, అనువాదంలోను ఉన్న కొన్ని వైద్య, దంతవైద్య పదాల నిర్వచనాలను తర్కశాస్త్రం చెప్పిన మూడు లక్షణదోషాల ఆధారంగా ఈ వ్యాసం పరీక్షిస్తుంది. రోగలక్షణాన్నే రోగనిర్వచనంగా స్వీకరించడం వల్ల కలిగే అనర్థాలను చూపి, నిర్వచన రచనలో పాటించదగిన పద్ధతిని సూచిస్తుంది.

కీలకపదాలు: నిర్వచనం, లక్షణం, పారిభాషిక పదం, దంతవైద్యం, పిప్పిపన్ను, గార, పక్షవాతం, కామెర్లు, రక్తపోటు, సమ్మతి.

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'లక్షణం' అన్న మాటకు రెండు శాస్త్రాల్లో రెండు అర్థాలున్నాయి. వైద్యంలో లక్షణమంటే రోగంవల్ల కలిగే బాధ లేదా మార్పు. తర్కంలో లక్షణమంటే ఒక వస్తువును తక్కిన అన్నింటి నుంచి వేరుచేసే అసాధారణ ధర్మం, అనగా నిర్వచనం. ఈ రెండర్థాలు వేరని పండితులకు తెలియనిది కాదు. అయినా వ్యవహారంలోని రోగనామాలను పరిశీలిస్తే మొదటి లక్షణం రెండో లక్షణం స్థానాన్ని ఆక్రమించిన సందర్భాలు అనేకం కనిపిస్తాయి. కళ్లు పచ్చబడితే కామెర్లు, చెయ్యీ కాలూ పడిపోతే పక్షవాతం, పంటికి రంధ్రం పడితే పిప్పి అనుకోవడం ఈ కోవకు చెందినవే.

ప్రాచీన వైద్యం ఈ పొరపాటుకు తావివ్వలేదు. ఆయుర్వేదంలో రోగాన్ని తెలుసుకోవడానికి నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి అని ఐదు సాధనాలు చెప్పారు. వీటినే నిదానపంచకం అంటారు. బయటికి కనిపించే రోగలక్షణం ఇందులో 'రూపం' కిందికి వస్తుంది. అది ఐదింటిలో ఒకటి మాత్రమే. రోగానికి కారణమేమిటి, అది శరీరంలో ఏ క్రమంలో పుడుతుంది అన్నవి దానికి సమానమైన స్థానం గలవి.

నిర్వచనం పండితుల చర్చకే పరిమితమైన విషయం కాదు. సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో ఇచ్చిన తీర్పు ప్రకారం చికిత్సకు ముందు రోగి సమ్మతి తీసుకోవాలంటే చికిత్స స్వభావం, ప్రయోజనం, ప్రత్యామ్నాయాలు, ముఖ్యమైన ప్రమాదాలు, చికిత్సను నిరాకరిస్తే కలిగే పరిణామాలు రోగికి తెలియాలి. సమ్మతిపత్రంలోని పదం రోగికి ఒక అర్థాన్ని, వైద్యునికి మరొక అర్థాన్ని ఇస్తే ఆ సంతకానికి విలువ తగ్గిపోతుంది. 1961లో ఏర్పడిన శాస్త్ర సాంకేతిక పదావళి సంఘం, 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి వంటి సంస్థలు భారతీయ భాషల్లో పరిభాషను సమకూర్చే పనిని చేపట్టాయి. పదం సిద్ధమైన తరువాత దాని పరిధిని నిర్ణయించే పని పాఠ్యగ్రంథ రచయితలది, అనువాదకులది, అధ్యాపకులది.

2. నిర్వచనానికి పరీక్ష

నిర్వచనం నిర్దుష్టమా కాదా అని తేల్చడానికి న్యాయశాస్త్రం మూడు దోషాలను పేర్కొన్నది. ఆంధ్రుడని ప్రసిద్ధిగాంచిన అన్నంభట్టు 17వ శతాబ్దిలో రచించిన తర్కసంగ్రహం, దానికి ఆయనే రాసుకొన్న దీపిక ద్వారా ఇవి తర్కవిద్యార్థులకు సుపరిచితాలు.

నిర్వచించదలచిన వస్తువుల్లో కొన్నింటికి లక్షణం వర్తించకపోతే అది అవ్యాప్తి. గోవుకు కపిలవర్ణం లక్షణమంటే తెల్లని గోవు జారిపోతుంది. నిర్వచించదలచని వస్తువులకు కూడ లక్షణం వర్తిస్తే అది అతివ్యాప్తి. కొమ్ములుండటం గోవు లక్షణమంటే గేదె కూడ గోవే అవుతుంది. ఏ ఒక్క వస్తువుకూ వర్తించకపోతే అది అసంభవం. ఒంటి గిట్ట కలిగి ఉండటం గోవు లక్షణమంటే అటువంటి గోవు ఎక్కడా దొరకదు. ఈ మూడు దోషాలూ లేనిది గంగడోలు కలిగి ఉండటం.

వైద్యంలో ఈ మూడింటికీ ప్రత్యక్ష ఫలితాలున్నాయి. అవ్యాప్తివల్ల జబ్బున్నవాడు తనకు జబ్బు లేదనుకొంటాడు. అతివ్యాప్తివల్ల ఒక జబ్బుకు మరో జబ్బు మందు వాడతాడు. అసంభవంవల్ల లేని కారణానికి చికిత్స చేయించుకొంటాడు.

3. అసంభవం: పంటిపురుగు

పుచ్చు అనే మాట కాయగూరలకూ గింజలకూ పురుగు పట్టడాన్ని సూచిస్తుంది. పుచ్చుపన్ను, పుప్పిపన్ను, పిప్పిపన్ను అన్న వ్యవహారాల వెనుక పంటిని పురుగు తొలుస్తుందన్న భావన ఉన్నది. ఇది తెలుగువారికే పరిమితం కాదు. పంటిపురుగుపై నమ్మకం ప్రాచీన మెసపొటేమియా నుంచి ఐరోపా వరకు వ్యాపించి ఉండేది. ఫ్రెంచి దంతవైద్యుడు పియర్ ఫౌషార్ 1728లో ప్రకటించిన గ్రంథంలో ఈ నమ్మకాన్ని తోసిపుచ్చాడు. 1890లో విలోబీ మిల్లర్ నోటిలోని సూక్ష్మజీవులు పిండిపదార్థాలను, చక్కెరలను పులియబెట్టి ఆమ్లాన్ని పుట్టిస్తాయని, ఆ ఆమ్లం పంటిని కరిగిస్తుందని వివరించాడు.

కనుక 'పురుగు తిన్న పన్ను' అన్న నిర్వచనం ఏ పిప్పిపంటికీ వర్తించదు. అది అసంభవదోషం. విత్తనాల పొగ పట్టించి పంటిలోని పురుగులను రాలుస్తామనే నాటువైద్యానికి ఈ నిర్వచనమే ఆధారం.

పురుగును తొలగించి 'పంటికి రంధ్రం పడటం' అని నిర్వచిస్తే అసంభవం పోతుంది గాని అవ్యాప్తి మిగులుతుంది. రంధ్రం ఈ వ్యాధిలో చాలా ఆలస్యంగా కనిపించే దశ. అంతకు ముందే పంటి పైపొరలోని ఖనిజాలు కరిగి సుద్దవంటి తెల్లమచ్చ ఏర్పడుతుంది. ఎనామెల్ అని పిలిచే ఈ పింగాణీపొరలో బరువునుబట్టి సుమారు 96 శాతం ఖనిజమే. నోటిలో ఆమ్లత్వం పెరిగి పిహెచ్ విలువ సుమారు 5.5 కన్న తగ్గినప్పుడు ఆ ఖనిజం కరగడం మొదలవుతుంది. లాలాజలం, ఫ్లోరైడు దానిని తిరిగి చేరుస్తాయి. తెల్లమచ్చ దశలో వ్యాధిని నిలపవచ్చు, వెనక్కు మళ్లించవచ్చు. రంధ్రం పడిన తరువాత పోయిన పొర తిరిగి పెరగదు. ఆ పొరను నిర్మించే కణాలు పన్ను మొలిచేనాటికే అంతరిస్తాయి.

అందువల్ల పిప్పిపన్నును ఈ విధంగా నిర్వచించవచ్చు: పంటిపై పేరుకొన్న సూక్ష్మజీవుల పొర చక్కెరలనుంచి పుట్టించే ఆమ్లంవల్ల, ఖనిజాల చేరిక కన్న కరుగుదల ఎక్కువై, పంటి గట్టిభాగం క్రమంగా నశించే వ్యాధి. రంధ్రం దీని ఫలితమే తప్ప దీని నిర్వచనం కాదు. పాత పేరును విడనాడవలసిన అవసరం లేదు. పేరు పాతదైనా నిర్వచనం సరైనదైతే చాలు.

4. అవ్యాప్తి: పక్షవాతం, గుండెపోటు

పక్షవాతం అన్న పదంలో రెండు అంశాలున్నాయి. శరీరంలో ఒక పక్షం పడిపోవడం ఒకటి, వాతం కారణమన్న సిద్ధాంతం రెండోది. ఆధునిక వైద్యం స్ట్రోక్ అని పిలిచే వ్యాధికి ఈ పదాన్నే వాడుతున్నారు. మెదడులో ఒక భాగానికి రక్తప్రసారం హఠాత్తుగా ఆగిపోవడంవల్ల గాని, రక్తనాళం చిట్లడంవల్ల గాని మెదడు పనితీరు దెబ్బతినడం స్ట్రోక్. దెబ్బతిన్న భాగాన్నిబట్టి బయటికి కనిపించే మార్పు మారుతుంది. కొందరిలో మాట తడబడుతుంది, కొందరిలో చూపు సగం పోతుంది, మరికొందరిలో నడక అదుపు తప్పుతుంది. చెయ్యీ కాలూ పనిచేస్తూనే ఉండవచ్చు.

'ఒక పక్క పడిపోవడం' నిర్వచనమైతే వీరందరూ దాని పరిధిలోకి రారు. మాట మాత్రమే పోయిన వ్యక్తి బంధువులు తెల్లవారాక చూద్దామని ఆగుతారు. రక్తపు గడ్డను కరిగించే మందు తగిన రోగులకు సాధారణంగా వ్యాధి మొదలైన నాలుగున్నర గంటల లోపు అందవలసి ఉంటుంది. నిర్వచనంలోని అవ్యాప్తి ఈ గంటలను హరిస్తుంది. అదే నిర్వచనానికి అతివ్యాప్తిదోషం కూడ ఉన్నది. ముఖానికి చెందిన నాడి వాచి ముఖంలో ఒక వైపు వంకరపోయే స్థితిని కూడ వ్యవహారంలో పక్షవాతమే అంటారు. దానికీ మెదడు రక్తనాళాలకూ సంబంధం లేదు.

గుండెపోటు విషయంలోనూ ఇదే జరిగింది. తలపోటు, పన్నుపోటు అన్న మాటల్లో 'పోటు' అంటే నొప్పి. ఆ వరుసలో గుండెపోటు అంటే గుండెలో నొప్పి అన్న అర్థం స్ఫురిస్తుంది. గుండె కండరానికి రక్తం అందక అందులో కొంతభాగం చనిపోవడం అసలు విషయం. మధుమేహం ఉన్నవారిలోను, వృద్ధులలోను ఇది నొప్పి లేకుండా ఆయాసంగానో, చెమటగానో, నీరసంగానో కనిపించవచ్చు. గుండె కొట్టుకోవడం ఆగిపోవడం దీనికి భిన్నమైన స్థితి. గుండె వైఫల్యం మూడోది. అందులో గుండె ఆగిపోదు, శరీరానికి కావలసినంత రక్తాన్ని పంపలేకపోతుంది. వైఫల్యమన్న మాట విని గుండె ఆగిపోతుందని రోగి భయపడితే ఆ భయానికి కారణం వ్యాధి కాదు, నిర్వచనం లేని పదం.

5. అతివ్యాప్తి: గార, నరం, గర్భసంచి ఆపరేషన్

దంతాల విషయంలో తెలుగు వ్యవహారం ఒక చక్కని భేదాన్ని పాటించింది. పాచి మెత్తనిది, తోముకొంటే పోతుంది. గార గట్టిది, తోమినా పోదు. సూక్ష్మజీవులతో కూడిన మెత్తని పొరకు పాచి అన్న పదం, అది లాలాజలంలోని ఖనిజాలతో గట్టిపడిన స్థితికి గార అన్న పదం శాస్త్రార్థంలో కూడ సరిపోతాయి. అయితే ఫ్లోరైడు అధికంగా ఉన్న నీరు తాగిన ప్రాంతాల్లో పళ్లపై ఏర్పడే గోధుమరంగు మచ్చలను కూడ గార అనే అంటారు. ఇక్కడ అతివ్యాప్తి ప్రవేశిస్తుంది.

మొదటి గార పంటి మీద ఉంటుంది. రెండోది పంటి పొరలోనే ఉంటుంది. మొదటిది ఏ వయసులోనైనా ఏర్పడుతుంది, దంతవైద్యుడు దానిని తొలగించగలడు. రెండోది శాశ్వత దంతాల పింగాణీపొర ఎముకలోపల రూపొందే బాల్యంలో, ముఖ్యంగా 8 ఏళ్ల లోపు, అధిక ఫ్లోరైడు శరీరంలో చేరితేనే ఏర్పడుతుంది. గీకినందువల్ల అది పోదు. ఇటుకపొడితోనో బొగ్గుతోనో రుద్దితే ఉన్న పొర అరిగిపోతుంది. ఈ వ్యాధిపై మనదేశంలో తొలి వైద్యనివేదికలు 1937లో నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా ప్రాంతం ఆధారంగానే వెలువడ్డాయి. తరువాతి కాలంలో నల్లగొండ జిల్లా పేరు ఈ వ్యాధితో ముడిపడింది. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి 'నల్లగొండ పద్ధతి' అన్న పేరే స్థిరపడింది. ఇంతగా అనుభవంలో ఉన్న వ్యాధికి ప్రత్యేక నిర్వచనం లేకపోతే ఊరి నీటిలోని దోషం వ్యక్తి శుభ్రతలోని లోపంగా చలామణి అవుతుంది. ఇది భాషవల్ల జరిగే అన్యాయం.

'చిగుళ్ల వాపు' రెండో ఉదాహరణ. చిగురు ఎర్రబడి, తోముకొన్నప్పుడు రక్తం వచ్చి, పంటిని పట్టి ఉంచే ఎముకకు నష్టం కలగని స్థితి ఒకటి. దీనిని జింజివైటిస్ అంటారు. పాచిని తొలగిస్తే చిగురు పూర్వస్థితికి వస్తుంది. వాపు లోతుకు దిగి, పంటిని పట్టి ఉంచే తంతువులు, ఎముక నశించే స్థితి మరొకటి. దీనిని పెరియోడాంటైటిస్ అంటారు. ఇందులో పోయిన ఎముక సాధారణంగా తనంతట తాను తిరిగి రాదు. రెండింటికీ ఒకే పేరుంటే, మొదటిదాన్ని నయం చేసుకొన్న అనుభవంతో రోగి రెండోదాన్ని నిర్లక్ష్యం చేస్తాడు. భేదకధర్మం వాపు కాదు, ఎముక నష్టం. నిర్వచనంలో అది తప్పక ఉండాలి.

'నరం' ఇంకా విశాలమైన పదం. నరానికి ఇంజక్షన్ ఇచ్చారన్నప్పుడు అది సిర. నరం పట్టేసిందన్నప్పుడు కండరం లేదా దానిని ఎముకకు కలిపే తంతువు. నరాల బలహీనత అన్నప్పుడు నాడి. పాఠ్యపుస్తకాల్లోని 'నాడి' వ్యవహారంలో మణికట్టు వద్ద చూసే రక్తనాళపు కదలికకు పేరు. దంతవైద్యంలో రూట్ కెనాల్ చికిత్సను 'పంటి నరం తీసేయడం' అని వివరిస్తారు. పై పన్ను పీకితే కంటిచూపు పోతుందన్న నమ్మకానికి ఈ 'నరం' బలాన్నిస్తుంది. పళ్లకు స్పర్శనిచ్చేది ఐదో కపాలనాడి శాఖలు, చూపునిచ్చేది రెండో కపాలనాడి. రూట్ కెనాల్ అంటే అసలు పంటివేరులోపలి సన్నని మార్గం. చికిత్సలో తొలగించేది ఆ మార్గంలోనూ పంటి గర్భంలోనూ ఉండే మెత్తని కణజాలం. అందులో నాడీతంతువులతోపాటు రక్తనాళాలు కూడ ఉంటాయి. ఆపై మార్గాన్ని శుభ్రపరచి మూసివేస్తారు.

అతివ్యాప్తి వల్ల కలిగే నష్టం శస్త్రచికిత్సల్లో మరింత తీవ్రం. 'గర్భసంచి ఆపరేషన్' అన్న మాటలో గర్భాశయం ఒక్కటే తొలగించడం, దానితోపాటు అండాశయాలను తొలగించడం రెండూ ఇమిడిపోతాయి. నెలసరి ఆగని వయసులో రెండు అండాశయాలూ తొలగిస్తే స్త్రీ శరీరం అకాలంగా ముట్లుడిగిన స్థితికి చేరుతుంది. పైన పేర్కొన్న సమీరా కోహ్లీ కేసులో వివాదానికి మూలం ఇదే. రోగనిర్ధారణ పరీక్షకు సమ్మతించిన వ్యక్తికి గర్భాశయాన్ని, అండాశయాలను, ఫాలోపియన్ నాళాలను తొలగించారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భాశయం తొలగింపు ఎక్కువగా కనిపించిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. అందువల్ల ఏ అవయవం తీస్తారు, ఏది ఉంచుతారు అని విడివిడిగా చెప్పే నిర్వచనం తెలుగుకు మరింత అవసరం.

6. రోగలక్షణం, రోగం, చికిత్స: పదార్థభేదం

దోషాలను పరీక్షించడానికి ముందే తేల్చవలసిన ప్రశ్న ఒకటున్నది. నిర్వచించదలచినది ఏ వర్గానికి చెందినది? రోగలక్షణమా, వ్యాధా, శరీరభాగమా, చికిత్సా? కామెర్లు ఈ ప్రశ్న ప్రాధాన్యాన్ని చూపుతాయి.

రక్తంలో బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పెరిగి కళ్లు, చర్మం పచ్చబడటం కామెర్లు. ఇది వ్యాధి కాదు, వ్యాధిచిహ్నం. ఎర్రరక్తకణాలు అధికంగా చిట్లడం, కాలేయం దెబ్బతినడం, పిత్తనాళానికి అడ్డు ఏర్పడటం అన్న మూడు మార్గాల్లో ఏదైనా దీనికి కారణం కావచ్చు. కామెర్లను ఒక వ్యాధిగా నిర్వచిస్తే దానికి ఒకే మందు ఉండాలన్న ఊహ సహజంగా పుడుతుంది. పసరుమందుకు ఉన్న ఆదరణ ఈ ఊహపైనే నిలిచింది. కలుషితమైన నీరు, ఆహారం ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ చాలామందిలో కొన్ని వారాల్లో తనంతట తాను తగ్గిపోతుంది. ఆ ఖ్యాతి పసరుకు దక్కుతుంది. పిత్తనాళంలో రాయి లేదా కణితి ఉన్న రోగి కూడ అదే పసరును నమ్మి విలువైన కాలాన్ని కోల్పోతాడు.

విశేషణాల విషయంలో కూడ ఈ మెలకువ అవసరం. ఆంగ్లంలో 'అక్యూట్' అన్నది వ్యాధి కాలాన్ని చెబుతుంది: హఠాత్తుగా మొదలై కొద్దికాలం ఉండేది. 'సివియర్' అన్నది వ్యాధి బలాన్ని చెబుతుంది. తెలుగు అనువాదాల్లో రెండింటికీ 'తీవ్ర' అన్న మాటే కనిపిస్తుంది. మామూలు జలుబు అక్యూట్ వ్యాధే, కాని తీవ్రమైనది కాదు. మొదటిదానికి 'ఆకస్మిక' లేదా 'స్వల్పకాలిక' అని, రెండోదానికి మాత్రమే 'తీవ్ర' అని నియమించుకొంటే 'దీర్ఘకాలిక' అన్న ప్రతిపదం కూడ తన స్థానంలో కుదురుకొంటుంది.

7. సంఖ్య ఆధారంగా నిర్వచనం: రక్తపోటు

'ఆయనకు బీపీ ఉంది' అన్న వాక్యాన్ని అక్షరాలా తీసుకొంటే బతికి ఉన్న ప్రతి మనిషికీ అది వర్తిస్తుంది. రక్తపోటు కొలత, అధికరక్తపోటు వ్యాధి. పైగా నొప్పిని సూచించే 'పోటు' ఇక్కడ కూడ అపార్థానికి దారితీస్తుంది. అధికరక్తపోటు చాలామందిలో ఏ బాధా కలిగించదు. తలపోటు లేదు కనుక రక్తపోటు తగ్గిందని మందు మానేసే రోగి పదాన్నే నమ్ముకొన్నాడు. ఈ వ్యాధి నిర్వచనంలో 'బాధ లేకపోయినా' అన్న మాట చేర్చడం అలంకారం కాదు, అవసరం.

అధికరక్తపోటుకు సరిహద్దు ఒక సంఖ్య. ప్రపంచ ఆరోగ్యసంస్థ 140/90 మిల్లీమీటర్ల పాదరస పీడనాన్ని ప్రమాణంగా తీసుకొన్నది. అమెరికాలోని హృద్రోగ వైద్యసంస్థలు 2017లో ఆ హద్దును 130/80కి తగ్గించాయి. 134/84 ఉన్న వ్యక్తి ఒక నిర్వచనం ప్రకారం రోగి, మరొక నిర్వచనం ప్రకారం కాదు. అతని శరీరంలో ఏమీ మారలేదు, హద్దు మాత్రమే మారింది. కాబట్టి సంఖ్యతో కూడిన నిర్వచనాన్ని తెలుగులో రాసేటప్పుడు ఆ సంఖ్య ఏ సంస్థది, ఏ సంవత్సరానిది అన్నది విధిగా పేర్కొనాలి. లేకపోతే పాఠ్యపుస్తకం పాతబడిన విషయం విద్యార్థికి తెలియదు.

8. నిర్వచన రచనకు సూచనలు

పై పరిశీలన ఆధారంగా కింది నియమాలను ప్రతిపాదించవచ్చు.

ఒకటి, నిర్వచనం మొదటి మాటలోనే వర్గం తెలియాలి. వ్యాధి, చిహ్నం, కొలత, శరీరభాగం, చికిత్స అన్నవాటిలో ఏదో స్పష్టం కావాలి.

రెండు, వ్యుత్పత్తిని నిర్వచనంగా స్వీకరించరాదు. పక్షవాతంలోని వాతం, పుచ్చులోని పురుగు పదచరిత్రకు సంబంధించినవి.

మూడు, ప్రతి పదాన్నీ దాని సమీపపదంతో జతచేసి పరీక్షించాలి. గార, ఫ్లోరైడు మచ్చ; జింజివైటిస్, పెరియోడాంటైటిస్; గుండెపోటు, గుండె వైఫల్యం. రెండింటికీ ఒకే నిర్వచనం సరిపోతే అది నిర్వచనం కాదు.

నాలుగు, వ్యవహారపదాన్ని గ్రహించినప్పుడు దాని పరిధిని స్పష్టంగా కుదించాలి. కుదించడం సాధ్యంకాని చోట ఆదానపదాన్ని తెలుగు లిపిలో స్వీకరించడం తప్పు కాదు. పేరు పరభాషదైనా నిర్వచనం తెలుగులో ఉండాలి.

ఐదు, విద్యార్థికి రాసే నిర్వచనం వేరు, రోగికి చెప్పే వివరణ వేరు. రెండోది చిన్నదిగా ఉండవచ్చు గాని మొదటిదానికి విరుద్ధంగా ఉండరాదు. రోగి విన్నదాన్ని తన మాటల్లో తిరిగి చెప్పగలిగితేనే ఆ వివరణ నెగ్గినట్లు.

9. ఉపసంహారం

వైద్యభాషగా తెలుగు ఎదుర్కొంటున్న కొరత ప్రధానంగా పదాల కొరత కాదు. పాచికి, గారకు మధ్య భేదాన్ని జనవ్యవహారమే కనిపెట్టింది. కొరత పరిధుల నిర్ణయంలో ఉన్నది. ఒక పదం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పడానికి కావలసిన సాధనాలు తర్కశాస్త్రంలో సిద్ధంగా ఉన్నాయి. వాటిని వైద్యపరిభాషకు అన్వయించే పనిలో తెలుగు శాఖల పరిశోధకులు, వైద్య, దంతవైద్య కళాశాలల అధ్యాపకులు కలిసి పాల్గొనవలసి ఉన్నది. పదకోశాల్లోని ఆరోపాలను, ఆసుపత్రుల సమ్మతిపత్రాలను, పాఠశాల జీవశాస్త్ర పుస్తకాలను ఈ మూడు దోషాల దృష్టితో పరిశీలించడం విస్తృత పరిశోధనకు తగిన అంశం. గోవు నిర్వచనంలో పొరపాటు జరిగితే వాదంలో ఓడిపోతారు. పక్షవాతం నిర్వచనంలో పొరపాటు జరిగితే ఒక మనిషి మాట పోతుంది.